సర్వనాశినికి ఏటి స్నానం

ఆ రోజుల్లో మాకు అమెరికా అంటే పాలపొడి. అంతకు మించి ఆ దేశంతో మాకు పరిచయమూ లేదు, పేచీ లేదు. గురజాలలో మా నాన్న పంతులుగా ఉన్న మిషను స్కూల్లో పెద్ద గుండిగలో ఆ పొడి కలిపి, గ్లాసుల్లో పోసి, అడుగంటా తాగేదాకా పక్కన నిలబడి చూసేవారు. (ముక్కు మూసుకుని తాగితే రుచి తెలియదని కనిపెట్టింది నేనే. నా తర్వాత ఆ బడిలో చదివిన వాళ్ళెవరూ ఇందుకు నాకు కృతజ్ఞత చెప్పలేదు.) పాలపొడితో పాటు అప్పుడప్పుడూ పాత బట్టల మూటలు కూడా దిగేవి. విప్పితే ఏముండేవి? ఉన్ని కోట్లు, ఉన్ని టోపీలు, చేతులకు తొడుక్కునే ఉన్ని సంచులు. రాళ్ళు పగిలే ఎండల పల్నాడులో మాకు చలేస్తుందేమోనని అంత దూరాన ఎవరో దిగులు పడ్డారంటే ఇప్పుడు జాలేస్తుంది గానీ, అప్పుడు ఒళ్ళు మండేది. అన్నిటికీ ఒళ్ళు మండే వయసు అది, పదకొండో పన్నెండో. (ఆ వయసు నాకింకా దాటలేదని మా కాలేజీలో తోటి లెక్చరర్లు అంటారు. వాళ్ళతో నేను ఏకీభవించను. ఏ విషయంలోనూ ఏకీభవించను.)

ఒక ఏడు మా నాన్న వంతుకు తోలు బూట్లు వచ్చాయి. ఆయన రెండు పాదాలూ ఒక్క బూటులో పట్టేవి. వాటితో ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచక గూట్లో పెడితే, కొన్నాళ్ళకు ఒక దాంట్లో పిల్లి ఈనింది. రెండో దాంట్లో, ఆకారం చెడకుండా ఉండాలని కాబోలు, కాగితాలు ఉండచుట్టి కుక్కారు. లాగి చూస్తే అది రంగుల బొమ్మల పుస్తకం. అట్ట లేదు, పేరు లేదు. నేను చెంబులో నిప్పులు పోసి ఒక్కో పేజీ ఇస్త్రీ చేశాను. అందులో పగటివేషగాడిలా ఒంటికి అతుక్కున్న నీలం బట్టల మనిషి ఒకడు, వాడి చేతిలో టార్చిలైటులాంటి గొట్టం ఒకటి. ఆ గొట్టాన్ని కొండకేసి పెడతాడు. పక్క గడిలో కొండ ఉండదు. విరగదు, కాలదు, పొగ రాదు. ఉండదు, అంతే. తెల్లగా ఉత్త కాగితం. అంతకన్నా గొప్ప ఆయుధం ఉండటానికి వీల్లేదని అక్కడికక్కడే తీర్మానించేశాను.

బొమ్మల మనుషుల నోళ్ళ దగ్గర బుడగల్లో ఇంగ్లీషు రాసి ఉంది. నా ఇంగ్లీషు అప్పటికింకా పిల్లి చాప మీద కూర్చోవడం దగ్గరే ఆగి ఉంది. నాన్నకు చూపిస్తే, బొమ్మలు చూసి బాగుపడిన వాడు లేడని చెప్పి గ్రామరు పుస్తకం చేతికిచ్చాడు. దాంతో బుడగల్లో మాటలన్నీ నేనే నింపుకున్నాను. ఆయుధానికి సర్వనాశిని అని పేరు పెట్టాను. బళ్ళో నాతో గొడవపడ్డ ప్రతి ఒక్కరి మీదికీ దాన్ని మనసులోనే గురిపెట్టి, పక్క గడిలో లేకుండా చేసి, తృప్తిగా పాలు తాగేదాన్ని.

ఇక మా తాతయ్య సంగతి. అమ్మకు నాన్న. కారంపూడి దగ్గర పల్లెలో ఉండేవాడు. అమ్మ వైపు చుట్టాల్లో సగం మంది చర్చికి పోయేవారు, సగం మంది వీరుల గుడికి, తెలివైనవాళ్ళు రెంటికీ. తాతయ్య వీరుల గుడి మనిషి. ఆదివారం చర్చి అరుగు మీద కూర్చుని పాటలన్నీ వినేవాడు గానీ, లోపలికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులనేవాడు. ఆయన ఇంటి లోపలి గదిలో పీట మీద ఎర్రగుడ్డ చుట్టిన పాత కత్తి ఒకటి ఉండేది. ఎప్పటిదో పల్నాటి యుద్ధంలో చచ్చిపోయిన వీరుడిదట. అలాంటి ఆయుధాలను మా వైపు కొణతాలంటారు. వంశాలవారీగా ఒక్కో ఇంట్లో ఒక్కో కొణతం ఉంటుంది. కార్తీకమాసం చివర వాటినన్నిటినీ కారంపూడి తీసుకుపోయి, నాగులేట్లో స్నానం చేయించి, వరసగా ఊరేగించి, గుడికి చేరుస్తారు. కొణతం అంటే వస్తువు కాదు, మనిషి. మా ఇంట్లో దాన్ని 'అది' అన్న వాళ్ళు లేరు, 'ఆయన' అనాలి. ఆయనకు పెట్టాకే మేం తినాలి. ఆయన గదిలో గట్టిగా మాట్లాడకూడదు. ఆడపిల్లలు ఆయన్ని ముట్టుకోకూడదు. ముక్కు తుడుచుకోవడం చేతకాని మా తమ్ముడు మాత్రం ముట్టుకోవచ్చు, వాడు మగవాడట.

ఆ ముక్కు దగ్గరే గొడవ మొదలైంది. ఆ ఏడు తిరునాళ్ళకు అమ్మతో పాటు తాతయ్య ఊరికి వెళ్ళాం. నాన్న రాలేదు. చూసి రండి, బొట్టు మాత్రం పెట్టించుకోవద్దని చెప్పి బస్సెక్కించాడు. వెళ్ళిన రోజే తాతయ్య మా తమ్ముడి చేత కత్తి పట్టించి, ఎట్లా మొయ్యాలో నేర్పిస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చుని, అంతకంటే గొప్ప ఆయుధం నా దగ్గరుంది అన్నాను. మా తాతయ్య స్థానంలో మరో ముసలాయన ఉంటే పోవే అనేవాడు, కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆయుధం అన్న మాట వినపడితే ఆయన తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. కత్తిని పీట మీద పడుకోబెట్టి వచ్చి, నా పక్కన కూర్చుని, చుట్ట వెలిగించి, చెప్పమన్నాడు. చెప్పాను. కొండ లేకుండా పోవడం గురించి చేతులు తిప్పుతూ చెప్పాను. ముగించి, "మీ ఆయన్ని కొండ ముందర నిలబెడితే ఏం చేస్తాడు?" అని అడిగాను.

"కొండ జోలికి ఎందుకు పోతాడే? కొండ ఏం జేసింది ఆయన్ని?" అన్నాడు తాతయ్య.

కొండ చేసిన తప్పేమిటో వెతకడం మొదలుపెట్టాను. అది దొరికేలోగానే ఆయన వరసగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. పిల్ల కోసం సంబంధం చూడబోయినవాడు అడిగినట్టు అడిగాడు. ఆ ఆయుధం ఎవరి చేతిలోది? ఆ చేయిగలాయన ఏ ఊరి వాడు, ఎవరి కొడుకు? ఏ యుద్ధంలో పడ్డాడు? వాడు పడడు, వాడికి చావు లేదన్నాను గొప్పగా. తాతయ్య ముఖం చిన్నబోయింది. "చావనోడికి గుడెందుకు కడతారే? దణ్ణం ఎవురు పెడతారు?" అన్నాడు, పాపం ఆ అమెరికావాడి కోసం నిజంగానే బాధపడుతూ. తర్వాత, అది ఏం తింటుందని అడిగాడు. ఆయన కత్తికి ఏం పెట్టాలో దానికి లెక్కలున్నాయి మరి. తడుముకోకుండా పాలపొడి అన్నాను. ఆయన తలూపి, "అయితే నీచు ముట్టదన్నమాట," అని మనసులో రాసుకున్నాడు.

చివరికి, ఆడా మగా అని అడిగాడు. ఆ క్షణంలో నా బుర్రలో దీపం వెలిగింది. (ఆ దీపం వెలిగినప్పుడల్లా నా బతుకులో ఏదో ఒకటి అంటుకోవడం ఆనవాయితీ.) ఆడదే అన్నాను. సర్వనాశిని అనే పేరు మగాళ్ళకు పెడతారా అన్నాను. ఆడ ఆయుధం గనక ఆడపిల్లే పట్టుకోవాలనీ, మగవాడి చెయ్యి తగిలితే దానికి అపచారమనీ, బుడగల్లో రాసి ఉందనీ చెప్పాను. నా ఉద్దేశం దాచుకోవడం దేనికి? ఊరేగింపులో తమ్ముడు ఒక్కడే నడవడం నాకు ఇష్టం లేదు. కొణతాల వరసలో, తప్పెట్ల మధ్య, అందరూ దణ్ణాలు పెడుతుండగా నేనూ నడవాలి. తాతయ్య చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, న్యాయమేనన్నాడు.

నేను అనుకున్నది, ఏ చెట్టు కింద పిల్లల్నో పోగుచేసి ఉత్తుత్తి ఊరేగింపు చేయిస్తాడని. ఆయన అనుకున్నది వేరు. అంత బలం గల ఆయుధం సముద్రాలు దాటి మన ఇంటికొచ్చి కూర్చుంటే, దాన్ని పిలవకుండా మన వాళ్ళని మాత్రమే ఏటికి తీసుకుపోతే అది ఏమనుకుంటుంది? మర్నాడు పొద్దున్నే కొణతాలుండే ఇళ్ళన్నిటికీ వెళ్ళి, ఈసారి చుట్టంగా ఒకామె వస్తోందని చెప్పి వచ్చాడు. వాళ్ళందరిలో మీసాల పెదనాన్న అని ఒకాయన ఉండేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఎదురింటాయన. వాళ్ళ ఇంట్లో ఈటె ఉంది. వరసలో మా కత్తి ముందు నడవాలా, వాళ్ళ ఈటె ముందు నడవాలా అని రెండిళ్ళకూ తాతల నాటి తగువు. అప్పటికి మా కత్తే ముందు నడుస్తోంది. మీసాల పెదనాన్న మా అరుగు దగ్గరకొచ్చి, పొరుగూరి ఆయుధం వస్తేనే కులగోత్రాలు విచారిస్తాం, ఈ సముద్రం అవతల దాన్ని ఎవరు చూశారు, పిల్ల మాటలు పట్టుకుని పెద్దల వరస చెడగొడతావా అని నిలదీశాడు.

తాతయ్య లేచి నిలబడ్డాడు. "నా మనవరాలు తెస్తది. మాట నాది. అది ఉత్తదని తేలితే, ఈ ఏడాది నుంచి మా ఆయన మీ ఈటె ఎనకమాల నడుస్తాడు. సరేనా?"

సరేనన్నాడు పెదనాన్న, మీసం మీద చెయ్యేసి. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. "మీ తాతకి బుద్ధి లేదు, నీకు భయం లేదు," అంది మెల్లగా. భయం లేకపోవడమేంటి, గురజాల బస్సు ఎన్నింటికో అప్పటికే లెక్కేస్తున్నాను. ఆ తగువు కోసం ఈ ముసలాళ్ళ తాతలు తలలు పగలగొట్టుకున్నారని విన్నాను. తాతయ్యకు పొలం పోయినా, పళ్ళు పోయినా మిగిలింది వరసలో ఆ చోటొక్కటే. దాన్ని తీసుకెళ్ళి బూటులో దొరికిన కాగితాల మీద పెట్టాడు.

ఇక లాభం లేదని బట్టల సంచిలో తెచ్చుకున్న పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఉన్నది ఇదేనని చెప్పాను. కోప్పడతాడని చూశాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుని, గొట్టం మీద వేలితో రాసి, "జానెడు కూడా లేదే," అన్నాడు. అసలుది ఎక్కడుందని అడిగాడు. అమెరికాలో అన్నాను. అంత దూరం నుంచి తను రాలేక పటం పంపించి ఉంటుందని ఆయనే సర్దిచెప్పుకున్నాడు. మనం పటాలకు దణ్ణం పెట్టమా అన్నాడు. పసుపు గుడ్డ తెచ్చి, తన చెయ్యి తగలకుండా, నా చేతనే చుట్టించాడు.

తిరునాళ్ళ రోజున నాగులేటి ఒడ్డున ఇసుక కనపడలేదు, అన్నీ తలలే. తప్పెట్లు మోగుతున్నాయి. ఎవరి కొణతాన్ని వాళ్ళు మోకాలి లోతు నీళ్ళలోకి తీసుకుపోయి, పసుపు రాసి, పసిపిల్లలకు పోసినట్టు దోసిళ్ళతో నీళ్ళు పోస్తున్నారు. ఆ మగవాళ్ళ మధ్యలో పరికిణీ కట్టుకుని, పసుపు మూట గుండెకు హత్తుకుని నేనొక్కదాన్నే ఆడపిల్లను. అంత గర్వం నాకు తర్వాత ఎమ్మే పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు. అప్పుడే మీసాల పెదనాన్న నా ముందుకొచ్చి, "స్నానం కానియ్యి అమ్మాయ్. స్నానం చెయ్యంది వరసలోకి రాదు," అన్నాడు.

ఆడా మగా ఆలోచించాను, తిండి ఆలోచించాను, మడి ఆలోచించాను. అన్ని రోజులుగా అంత వాదించినదాన్ని, అది కాగితమనీ, పోయేది ఏటికనీ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. (ఇప్పుడు నేను పిల్లలకు చెప్పే పాఠం తర్కశాస్త్రం. నవ్వదలుచుకున్నవాళ్ళు నవ్వవచ్చు.) దీనికి నీళ్ళు పడవన్నాను. ఓడలో వచ్చింది గదా, సముద్రానికి పడ్డది ఏటికి పడదా అన్నాడు పెదనాన్న. అన్ని శక్తులున్న దానికి స్నానం అక్కర్లేదన్నాను. కొండల్ని మాయం చేసేది చెంబెడు నీళ్ళకు జడుస్తుందా అన్నాడు. చుట్టూ జనం మూగారు. ఆయన అడిగేవన్నీ సరైన ప్రశ్నలే, అదే నా ఏడుపు. తాతయ్య వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. కత్తికి పసుపు రాస్తున్నాడు, రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు.

మూట పట్టుకుని పరుగెత్తి ఇంటికి పోతే పుస్తకం నాకు దక్కుతుంది. నాదంటూ నా దగ్గరున్నది అదొక్కటే. కానీ మా కత్తి ఈటె వెనక నడవాలి, ఈ ఏడే కాదు, ఎప్పటికీ. అంతమందిలో తాతయ్య వెనక్కు జరిగి నిలబడటం కళ్ళకు కట్టింది. నేను నీళ్ళలోకి దిగి, కళ్ళు మూసుకుని, మూటను ముంచాను.

అమెరికా రంగులు మంచివి కావు. గుడ్డ విప్పేసరికి నీలం మనిషి లేడు, కొండ లేదు, కొండ లేని తెల్ల గడి కూడా లేదు. ముద్ద మిగిలింది. అదీ వేళ్ళ సందుల్లోంచి జారి, ఎర్రగా నీలంగా చారలు కట్టి, ఏటి వెంట పోయింది. నా చేతులకు రంగు అంటుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీసాల పెదనాన్న నవ్వలేదు గానీ ఆయన మీసం లేచింది.

తాతయ్య కత్తిని మా తమ్ముడి చేతికిచ్చి, నీళ్ళను తోసుకుంటూ నా దగ్గరకొచ్చాడు. నా అరచేతుల్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, పొలం పనుల గురించి చెప్పేటంత మామూలుగా చెప్పాడు.

"దేని మీద పెడితే అది లేకుండా పోద్దని అమ్మాయి ముందే చెప్పింది. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, ఎవుర్నీ ముట్టలా. ఏటిని ముట్టలా, కొండని ముట్టలా. తన మీదే పెట్టుకుంది. మన ఊరొచ్చి, మన ఏట్లో పడింది."

మీసాల పెదనాన్న గడ్డం గోక్కుని, "పడ్డట్టేనంటావా?" అన్నాడు. "నువ్వు చూశావు గదా," అన్నాడు తాతయ్య. పెదనాన్న చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి. యుద్ధంలో పడితే వీరుడని ఒప్పుకోవడం ఆ పద్ధతిలో మొదటిది. నీళ్ళలోకి వంగి, ఆ రంగు చారలు పోయిన దిక్కుకు దణ్ణం పెట్టాడు. "పడ్డాకైనా దానికీ ఒక చోటు ఉండాలి మరి. యాడ నిలబెడదాం?" అన్నాడు.

అక్కడ మొదలైంది అసలు తగువు. చుట్టం గనక ముందు నడవాలని ఒకరు. కొత్తగా వచ్చింది గనక చివర నడవాలని ఒకరు. ఆడమనిషిని చివర నిలబెడితే మర్యాద కాదని ఒకరు. ముందు నిలబెడితే అసలు కాదని మరొకరు. లేని ఆయుధం ఎక్కడ నిలబడాలో తేలక ఊరేగింపు ఆగిపోయింది. తప్పెట్లవాళ్ళు ఒడ్డున కూలబడి బీడీలు ముట్టించారు. ఎండ నడినెత్తికి వచ్చాక ముసలాళ్ళిద్దరూ ఒక మాటకొచ్చారు. సర్వనాశిని మా కత్తికీ వాళ్ళ ఈటెకూ నడుమ నడుస్తుంది. ఈటె ఆమె వెనక నడుస్తుంది గానీ కత్తి వెనక నడిచినట్టు కాదు. తాతల నాటి తగువు అట్లా తీరింది.

నేను ఆ నడుమ నడిచాను. ఏటి నుంచి గుడిదాకా, రంగు అంటిన ఉత్త చేతులు దోసిలి పట్టి, అందులో ఏదో ఉన్నట్టు. ఆడవాళ్ళు ఎదురొచ్చి ఆ ఖాళీ దోసిట్లో పూలూ అక్షింతలూ వేశారు. ఒక ముసలామె నా కాళ్ళ మీద నీళ్ళు పోసి, తల్లీ చల్లగా చూడమంది. నాకు ఒక్క మాట రాలేదు. (అమ్మ మా చుట్టాలందరికీ చెప్పిన వింత ఇదే. ఆయుధం కరిగిపోవడం కాదు, నేను అంతసేపు నోరు మూసుకుని ఉండటం.) నాన్నకు ఏమీ చెప్పలేదు. చేతుల రంగు చూసి అడిగితే, తిరునాళ్ళలో రంగు సోడా ఒలికిందన్నాం. ఆయన బొట్టు లేదని నుదురు చూసి ఊరుకున్నాడు.

తర్వాత చదువులని గుంటూరు పోయాను, ఉద్యోగమన్నాను, తిరునాళ్ళకు పోవడమే మానేశాను. తాతయ్య పోయాడు, మీసాల పెదనాన్నా పోయాడు. ఈ మధ్య ఒక కార్తీకమాసంలో పని మీద అటు వెళ్ళి, ఎట్లాగూ వచ్చాను గదా అని కారంపూడిలో ఆగాను. వరస బయల్దేరింది. మా కత్తి పట్టుకుని మేనమామ కొడుకు నడుస్తున్నాడు, ఈటె పట్టుకుని పెదనాన్న మనవడు. రెంటికీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. మనిషంటే పెద్ద మనిషి కాదు, పరికిణీ కట్టిన ఆడపిల్ల పట్టేంత. ఎందుకురా ఆ ఖాళీ అని పెదనాన్న మనవణ్ణి అడిగాను. ఆమె కోసం, ఎప్పట్నుంచో ఉంది అన్నాడు. ఎవరామె అంటే తెలియదన్నాడు.

నా వృత్తి ధర్మం ఊరుకోనిచ్చిందా? వాడి పక్కనే నడుస్తూ, ఉన్నది ఉన్నట్టు విడమరిచి చెప్పడం మొదలుపెట్టాను. అది దేవతా కాదు, ఏమీ కాదు, బూటులో దొరికిన బొమ్మల పుస్తకమనీ, పేరు నేనే పెట్టాననీ, పాలపొడి తింటుందన్నది కూడా నా కల్పనేననీ, చేతులు తిప్పుతూ, ఆధారాలతో సహా. వాడు చాలా ఓర్పుగా విన్నాడు. అంతా విన్నాక, ఈటె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, మర్యాదగా అన్నాడు.

"అట్టనా అత్తా. కొంచెం పక్కకి జరుగు మరి, ఆమెకి అడ్డమొస్తన్నావు."

చూసుకుంటే నిజమే. మాటల ధ్యాసలో పడి ఆ ఖాళీలోకి సగం దూరి నడుస్తున్నాను. నేనిప్పుడు అందులో పట్టను కూడా. వాదించడానికి నా దగ్గర మాటలు లేక కాదు, కావలసినన్ని ఉన్నాయి. అయినా జరిగాను.